జైతూన్ తోట - మన పల్లి గానుగ



ఈ రోజు మీతో నూనె గురించి నాలుగు మాటలు ముచ్చటించదలచాను. నూనెగింజలు పండించడం మీకు నేను నేర్పవలసిన పని లేదు. ఆ నూనె ఎట్లా వస్తుందో చూసిపోవడానికి పట్నం మనిషిని మన ఊరికి రప్పించడం ఎట్లా, రప్పించేముందు మనం ఏమేమి సరిచేసుకోవాలి - ఇదీ నేటి విషయం. ఈ ఆలోచన నాకు పుస్తకంలో దొరకలేదు. ఒక రైతు అడిగిన ప్రశ్నతో మొదలైంది. తార్నాకలో ఒక ఇంటి గుమ్మం ముందు తల దించుకొని నిలబడినప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

నేను పనిచేసేది నాగర్‌కర్నూలు జిల్లాలో. యాసంగిలో పల్లి, అంటే వేరుశనగ, ఎక్కువగా వేసే ప్రాంతం. మూడేళ్ల కిందట ఒక రైతు చేతిలో రంగుల కాగితం పట్టుకొని రైతు వేదికకు వచ్చాడు. "సారూ, రెండెకరాలల్ల జైతూన్ చెట్లు పెడదామనుకుంటున్న. పట్నంల ఆ నూనె సీసా వెయ్యి రూపాయలంట. మీరేమంటరు?" అన్నాడు. మొక్కలకు బయానా ఇవ్వడానికి ఇంట్లో బంగారం తాకట్టు పెట్టాలని కూడా అనుకున్నాడు.

జైతూన్ అనగా ఆలివ్. హైదరాబాదు పాతబస్తీలో మందుల దుకాణాలకు వెళ్లినవారికి జైతూన్ నూనె పేరు తెలిసే ఉంటుంది. చెట్టు మంచిదే. కాని ప్రతి చెట్టుకూ దాని నేల, దాని కాలం ఉంటాయి. జైతూన్ మధ్యధరా సముద్రం చుట్టుపక్కల పుట్టి పెరిగిన చెట్టు. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలం పొడిగా ఉంటుంది. మనకు అంతా తలకిందులు. అంతకన్న ముఖ్యమైనది చలి. పూమొగ్గ కట్టాలంటే ఆ చెట్టుకు చలికాలంలో కొన్ని వారాలపాటు గట్టి చలి తగలాలి. మన దగ్గర నాలుగు రాత్రులు వణికించి పోయే చలి దానికి చాలదు. మొక్క బతుకుతుంది, ఆకు పెడుతుంది, పచ్చగా కనబడుతుంది. కాయ మాత్రం కాయదు. మన దేశంలో దీనిని పెద్ద ఎత్తున ప్రయత్నించినది రాజస్థాన్ ప్రభుత్వం. 2007లో ఇజ్రాయెల్ నిపుణుల సహాయంతో ఆ పని మొదలుపెట్టి, 2014లో బికనేరు జిల్లా లూణ్‌కరణ్‌సర్‌లో నూనె కర్మాగారం తెరిచారు. బికనేరు చలి వేరు, మన చలి వేరు. వాళ్లు నాటారు గదా అని మనం నాటరాదు.

ఈ మాటే ఆ రైతుకు చెప్పాను. అతని ముఖం చిన్నబోయింది. "అయితే మా పల్లి ఇట్లనే మార్కెట్టుకు పోసుకుంట ఉండుడేనా సార్?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఆనాడు నా దగ్గర జవాబు లేదు. జవాబు వెతుకుతూ ఆ జైతూన్ రైతులు తమ నూనెను ఎట్లా అమ్ముకుంటున్నారో చదివాను. అప్పుడు తెలిసింది, మనం తెచ్చుకోవలసింది వాళ్ల చెట్టును కాదు, వాళ్ల పద్ధతిని అని.

ఇటలీ, స్పెయిన్, గ్రీసు దేశాలలో కాయ కోసే కాలానికి పట్నవాసులు తోటలకు వస్తారు. చెట్ల కింద వలలు పరచి కాయ దులపడం చూస్తారు, తామూ ఒక చెయ్యి వేస్తారు. కోసిన కాయను ఒక రోజు దాటకుండా మరకు పంపాలన్నది అక్కడ మంచి రైతులు పాటించే నియమం. ఆలస్యమైతే కాయ పులిసి నూనె చెడుతుంది. ఆ తొందరను అతిథులు కళ్లారా చూస్తారు. పిమ్మట చిన్న గిన్నెలో చెంచాడు కొత్త నూనె పోసి ఇస్తారు. గిన్నెను అరచేతిలో పట్టుకొని వెచ్చబెట్టి, వాసన చూసి, నాలుక మీద వేసుకొని రుచి చెప్పాలి. నూనె పరీక్షకులు వాడే గిన్నె నీలి రంగు గాజుది. రంగు చూసి మోసపోకూడదని, వాసననూ రుచినీ మాత్రమే నమ్మాలని ఆ ఏర్పాటు. తరువాత రొట్టె మీద ఆ నూనె వేసుకొని తిని, నాలుగు సీసాలు కొనుక్కొని పోతారు. ఇటలీలో 2020 నుంచి ఇట్లాంటి సందర్శనలకు చట్టంలోనే చోటు కల్పించారు. మన పొరుగున మహారాష్ట్ర కూడా అదే ఏడు వ్యవసాయ పర్యాటకానికి ఒక విధానం ప్రకటించింది.

మనవాళ్లు "చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం" అని ఎగతాళిగా అంటారు. ఆ రైతులు చెట్టును చూపించి నూనె అమ్ముకుంటున్నారు. ఇందులో ఎగతాళి లేదు, మోసం అంతకన్నా లేదు. మరి మన చేలో ఉన్నదేమిటి? పల్లి. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్లు దానిని మనమే తక్కువ చేసుకుంటున్నాము. జైతూన్ నూనెకు అంత పేరు రావడానికి ఒక కారణం అందులో ఎక్కువగా ఉండే ఒలీక్ ఆమ్లం. అది ఎక్కువగా ఉన్న నూనె త్వరగా ముక్కిపోదు. మన మామూలు పల్లి నూనెలోనూ అది సుమారు సగం దాకా ఉంటుంది. జునాగఢ్ వేరుశనగ పరిశోధన సంస్థ, మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కలిసి తయారుచేసిన గిర్నార్-4, గిర్నార్-5 రకాలు 2020లో విడుదలయ్యాయి. వీటి నూనెలో ఒలీక్ ఆమ్లం 80 పాళ్లకు దగ్గరగా ఉంటుంది. ఆ పాలు జైతూన్ నూనెకు తీసిపోయేది కాదు. రెండు రాష్ట్రాలలోనూ సాగుకు తగినవే. విత్తనం కొనేముందు నమ్మకమైన చోటేనా అని మీ విస్తరణాధికారిని అడగండి.

ఆ రైతు తన బావమరిదితో కలిసి మోటారుతో నడిచే కట్టె గానుగ ఒకటి కొన్నాడు. సగం బ్యాంకు అప్పు, సగం భార్య గాజుల మీద తెచ్చిన డబ్బు. జైతూన్ మొక్కలకు పోవలసిన బంగారం గానుగకు పోయింది. పొమ్మన్నది నేనే. గనుక ఆ గాజుల భారం నా మీద కూడా పడిందని అనుకున్నాను.

మొదట లెక్క చెబుతాను, కాగితం మీద వేసుకోండి. క్వింటాలు పల్లికాయ ఒలిస్తే సుమారు 70 కిలోల గింజ వస్తుంది. పుచ్చులు, బూజు గింజలు ఏరివేస్తే 66 కిలోలు మిగిలాయనుకుందాం. గింజలో నూనె సగానికి దగ్గరగా ఉన్నా కట్టె గానుగ దానినంతా పిండలేదు. 100 కిలోల గింజకు 40 కిలోలు దిగితే మంచి గానుగ. ఆ లెక్కన 26 కిలోల నూనె, అంటే 28 లీటర్ల పైచిలుకు. చెక్క 38 కిలోల దాకా వస్తుంది. 2025-26 సంవత్సరానికి పల్లికాయ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ఆ ధరతో చూస్తే గింజ ఖర్చే లీటరుకు 250 రూపాయలు దాటుతుంది. ఇందులోంచి చెక్క విలువ తీసివేసి, కూలి, కరెంటు, సీసా, అప్పు వడ్డీ చేర్చుకోవాలి. కాయ ధర తగ్గితే లెక్కా తగ్గుతుంది. ఈ లెక్క మీకే కాదు, కొనేవారికీ చెప్పండి. గింజ ఖర్చుకు కూడా రాని ధరకు ఎవరైనా గానుగ పల్లి నూనె అమ్ముతుంటే అందులో పల్లి ఎంత ఉందో వాళ్లే ఆలోచించుకుంటారు.

ఇక తార్నాక సంగతి. మా మేనత్త గారి ఇల్లు అక్కడ ఉంది. ఆ వీధివారు పది పన్నెండు సీసాలు అడిగారు. ఆ మార్చిలో కల్లంలో ఉన్న కాయ మీద అకాల వర్షం పడింది. రైతు నన్ను పిలిచి చూపించాడు. పైపైన చూసి, "ఎండ బాగానే ఉంది అన్నా, ఆరిపోతుంది, ఆడించు" అన్నాను. ఆ మాట తప్పు. ఆడించాడు, సీసాలు పంపాడు. వారం తిరగకుండా మేనత్త ఫోను చేసింది. ఇద్దరం కలిసి వెళ్లాము. ఆ వీధిలో రిటైరైన ఉపాధ్యాయిని ఒకావిడ ఉన్నారు. సీసా మూత తీసి మా ముందుకు జరిపి, "వాసన చూడు నాయనా" అన్నారు. బూజు వాసన గుప్పుమన్నది. నేను సర్దిచెప్పబోయాను. రైతు మాత్రం చేతులు కట్టుకొని, "టీచరమ్మా, కాయ తడిసింది. మాదే తప్పు. పైసలు వాపసిస్త" అన్నాడు.

ఆవిడ డబ్బు తీసుకున్నారు. కోపం చేయలేదు. "మా చిన్నప్పుడు మా అమ్మ గాండ్లవారి గానుగ దగ్గర నిలబడి ఆడించుకొచ్చేది. గింజ ఆమె చూసుకునేది, నూనె వాళ్లు తీసేవారు. మాట వచ్చేది కాదు. వచ్చే ఏడు నేనే మీ ఊరొస్తాను. నా ఎదురుగా గింజ ఏరి నా ఎదురుగా ఆడించండి, కొంటాను" అన్నారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఇద్దరమూ మాట్లాడుకోలేదు. రెండు క్వింటాళ్ల కాయ నష్టం. ఆ నూనె దీపాలకు తప్ప దేనికీ పనికిరాలేదు. కాని ఆవిడ చెప్పినది ఆ జైతూన్ దేశాలవారు చేస్తున్న పనే. కొనేవాడు చూడాలి. చూస్తే నమ్ముతాడు.

చూపించాలంటే చూపించదగినట్లు ఉండాలి. ఇది వాసనతో పోయే విషయం కాదు. తడిసిన పల్లి మీద పెరిగే ఒక బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వాటికి పెట్టిన పల్లి చెక్కలో ఉన్న ఈ విషమేనని తేలింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా మరణించారు. దానిని పరిశోధించినవారు తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థవారు. పెద్ద కర్మాగారాలలో నూనెను శుద్ధి చేసేటప్పుడు ఈ విషం చాలావరకు పోతుంది. మన గానుగ నూనెకు ఆ శుద్ధి లేదు. గింజలో ఉన్నది కొంత నూనెలోకి, ఎక్కువ భాగం చెక్కలోకి పోతుంది. చెక్క తిన్న బర్రె పాలలోకీ వస్తుంది. గనుక గానుగ పెట్టినవాడు ఇతర రైతులకన్న రెండింతలు జాగ్రత్తపడాలి. ఇందుకు చేయవలసినవి ఇవి:

ఒకటి. కాయ ఊరే దశలో చివరి తడులు ఎగ్గొట్టరాదు. చివర్లో బెట్టకు వచ్చిన చేనులో బూజు నేలలోనే పట్టుకుంటుంది.

రెండు. పీకిన మొక్కలను కాయలు పైకి ఉండేటట్లు తిరగేసి రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. కాయ కోసిన తరువాత పలుచగా పరచి, తేమ 8 పాళ్లకు దిగేదాకా ఎండబెట్టాలి. చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి. గింజ నలిపితే పొట్టు ఊడిరావాలి, విరిస్తే ఠక్కున విరగాలి. రాత్రిళ్లు పట్టా కప్పాలి.

మూడు. మరలో ఒలిచేముందు గింజ పగలకుండా ఉండాలని కాయ మీద నీళ్లు చల్లే అలవాటు చాలా చోట్ల ఉంది. నూనెకు పోయే కాయ మీద నీటిచుక్క పడరాదు.

నాలుగు. బస్తాలు నేల మీద పెట్టక చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చాలి.

ఐదు. ఆడించేముందు గింజను చేతితో ఏరాలి. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు పట్టినవి వేరుచేయాలి. ఈ పనిలో మన ఆడవారి కన్నుకు సాటి లేదు. వారి కూలి లెక్కలో కలపండి. ఏరివేసినది పశువులకు గాని, కోళ్లకు గాని వేయరాదు. పూడ్చిపెట్టండి.

ఆరు. దిగిన నూనెను స్టీలు పాత్రలో మూతపెట్టి రెండు మూడు రోజులు కదపకుండా ఉంచి, పైతేట వంచుకోవాలి. తడి లేని సీసాలలో పోసి, వెలుతురు తగలని చోట ఉంచాలి.

మరుసటి యాసంగిలో ఆ ఇంట ఈ ఆరూ తు.చ. తప్పకుండా జరిగాయి. ఏప్రిల్‌లో టీచరమ్మ వచ్చారు. వెంట మరో ఐదుగురు. వాళ్లందరూ పొద్దున్నే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో నడకకు వెళ్లే స్నేహితులు. అక్కడి నడక కబుర్లే మాకు ప్రకటన అయ్యాయి. హైదరాబాదు నుంచి మూడు గంటల ప్రయాణం చేసి వచ్చారు. గింజల చాట ముందు కూర్చొని తామూ ఏరారు. గానుగ తిరుగుతుంటే వాసనకు ఒకాయన కళ్లు మూసుకున్నారు. మధ్యాహ్నం జొన్నరొట్టె, పల్లి పచ్చడి, వేడి అన్నంలో కారప్పొడితో చెంచాడు కొత్త నూనె. మనిషికి ఐదు లీటర్లు తీసుకున్నారు. బయలుదేరేటప్పుడు ఒకామె, "ఈ నూనెతో ఇక్కడే ఆవకాయ పెట్టుకొని పోతే ఎట్లా ఉంటుంది?" అన్నది. ఆ మాట మేము వదలలేదు.

చూడండి, కాలం ఎంత చక్కగా కలిసివచ్చిందో. యాసంగి పల్లి ఫిబ్రవరి, మార్చిలో ఇంటికి వస్తుంది. ఏప్రిల్‌లో గానుగ ఆడుతుంది. మే నాటికి మామిడికాయ ముదిరి ఆవకాయకు సిద్ధమవుతుంది. పట్నంలో ప్రతి ఇల్లాలూ మంచి నూనె కోసం వెతికేది ఆ నెలలోనే. జైతూన్ రైతుకు కోత కాలం ఎట్లాగో మనకు ఆవకాయ కాలం అట్లాగు. కోత సమయంలో వచ్చేవారికి చేనులో కాయ పీకించి, కుండలో ఉడకబెట్టి పెట్టవచ్చు. పల్లె పిల్లవానికి అది రోజూ ఉన్నదే. పట్నం పిల్లవాడు పల్లి చెట్టు మీద కాస్తుందనుకుంటున్నాడు. నేల కింద కాయ చూసి వాడు వేసే కేక వినవలసిందే.

అతిథులను పిలవదలచినవారికి కొన్ని సూచనలు:

మొదట్లో ఒక్కసారికి పదిమందిని మించి పిలవకండి. శుభ్రమైన మరుగుదొడ్డి, తాగే నీరు, కూర్చునే నీడ - ఈ మూడూ లేనిదే ఎవరినీ రమ్మనవద్దు. ఇల్లు అలకగానే పండుగ కాదు. బావికి కంచె ఉండాలి. కుక్కను కట్టేయాలి. తిరిగే గానుగకు పిల్లల చేయి అందకుండా అడ్డు కట్టాలి. మందు కొట్టిన చేనులోకి గడువు తీరేదాకా తీసుకుపోరాదు. భోజనానికి, చూపించినందుకు, నూనెకు ధర ముందే చెప్పాలి. వచ్చాక చెబితే మొహమాటం, వెళ్లాక చెబితే తగాదా.

నూనెను విడిగా చెంబులో, వాడిన నీళ్ల సీసాలో పోసి అమ్మరాదు. తినే నూనె సీలు చేసి, వివరాల చీటీ అంటించి అమ్మాలన్నది చట్టం. ఆహార భద్రతా శాఖలో రిజిస్ట్రేషను చేయించుకోండి. చీటీ మీద ఆడించిన తేదీ తప్పక వేయండి.

ఇంకొక మాట. వచ్చినవారితో "ఈ నూనె తాగితే షుగరు పోతుంది, గుండె జబ్బు రాదు" అని చెప్పకండి. మంచి నూనైనా మితంగానే తినాలి, ఒకే నూనె కాకుండా రకరకాల నూనెలు మార్చి వాడుకోవాలి అని పోషకాహార శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అదే చెప్పండి. నువ్వులు, కుసుమలు పండించే పొరుగు రైతు నూనెను కూడా మీ గానుగ దగ్గరే పెట్టండి. ఆయనకూ లాభం, మీకూ మాట దక్కుతుంది.

నాతోటి విస్తరణాధికారులకు ఒక విన్నపం. తడిసిన కాయ చూసి నేను అన్న "ఫరవాలేదు" అనే మాటకు రెండు క్వింటాళ్లు ఖర్చయింది. మనం జీతం తీసుకొని చెప్పే మాట రైతు తన గాజులు పెట్టి వింటాడు. తేమ కొలిచే పరికరం అందుబాటులో ఉంటే దానితో చూడండి, లేకుంటే గింజ విరిచి చూడండి, ఆ తరువాతే నోరు విప్పండి.

ఆ రైతు ధనవంతుడు కాలేదు. వానాకాలంలో అతిథులెవరూ రారు, పంటలో ఎక్కువ భాగం నేటికీ మార్కెట్టుకే పోతుంది. కాని గానుగకు పోయిన పల్లికి ధర తానే చెప్పుకుంటున్నాడు. సంక్రాంతికి భార్య గాజులు విడిపించాడు. కిందటి మే నెలలో టీచరమ్మ బృందం జాడీలతో వచ్చి, అతని వాకిట్లోనే ఆవకాయ కలుపుకొని వెళ్లింది. వెళ్తూ ఒక జాడీ ఆ ఇల్లాలి చేతిలో పెట్టారు.

మొన్న మళ్లీ ఎవరో జైతూన్ మొక్కల కాగితం అతనికి ఇచ్చారట. దానిని మడిచి గానుగ గదిలో తలుపు చప్పుడు కాకుండా సందులో పెట్టాడు. "చెట్టు మనది కాకున్నా, కాగితం పనికొచ్చింది సారూ" అని నవ్వాడు.

మీ ఊళ్లో మీ నేలకు తగిన నూనెగింజ ఏదో మీకు తెలుసు. గింజను బాగా ఎండబెట్టండి. గానుగ గది తలుపు తెరిచి ఉంచండి.